మాల వేస్తే మానేసినట్టేనా? తాగుడు గురించి నేను రోజూ వినే అపోహలు

"దీక్షలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టడండీ. అంటే అది జబ్బు కాదు, పొగరు."

కార్తీకం వచ్చిందంటే విజయవాడలో మా ఓపీలో ఈ మాట వినాల్సిందే. భవానీ దీక్షయినా, అయ్యప్ప దీక్షయినా 41 రోజులు మానడం గొప్పే, కాదనను. కానీ ఇరుముడి సమర్పించి వచ్చిన మర్నాడే క్వార్టర్ తెచ్చుకునే మనిషికి వ్యసనం లేదని ఎలా అంటాం? కొన్నాళ్లు ఆగగలగడం, మొదలెట్టాక ఆపుకోలేకపోవడం రెండూ ఈ జబ్బులో ఉన్నవే.

నా భయమల్లా దీక్షలో మొదటి మూడు నాలుగు రోజుల గురించే. పొద్దున్నే గొంతులో పడితేగానీ చేతి వణుకు తగ్గనివాళ్లు ఉన్నట్టుండి మానేస్తే, ఒక రోజు తిరక్కుండానే వణుకు, చెమటలు మొదలవుతాయి, నిద్ర పట్టదు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పుతుంది. గోడ నిండా చీమలంటారు, దుప్పటి పీకుతుంటారు. ఆటోనగర్ మెకానిక్ అయితే మంచం మీద కూర్చుని లేని స్పానర్‌తో లేని బోల్టు బిగిస్తుంటాడు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. ఇంట్లోవాళ్లు పూనకమనో, నియమం తప్పిన దోషమనో అనుకుని తెల్లారేదాకా ఆగుతారు. ప్రాణం పోయేది అలాంటప్పుడే.

"రెండు సెలైన్లు ఎక్కిస్తే తేరుకుంటాడు" అనేవాళ్లకు ఒక మాట: రోజూ తాగేవాళ్లకు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. మాల వద్దని చెప్పడం లేదు. వేయడానికి పదిరోజుల ముందే తీసుకురండి, మందులతో వణుకు, ఫిట్స్ రాకుండా చూస్తాం.

"మజ్జిగలో పొడి కలిపిస్తే తెలియకుండానే మానేస్తాడు."

ఆ పొట్లంలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్ర నూరి కలిపేవాళ్లూ ఉన్నారు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉంటే మనిషే దక్కకపోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. తాగే మనిషికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు అది.

"బీరేగా, ఎండకి చల్లగా ఉంటుందని."

8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో ఉండే ఆల్కహాలు 52 మి.లీ. రెండు లార్జ్ విస్కీలలో ఉండేదీ దాదాపు అంతే.

"డీఅడిక్షన్‌కి తీసుకెళ్తే ఊరంతా తెలుస్తుంది. గంజాయి అయితే కేసు కూడా."

2019లో వచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికే. మిగతావాళ్లను ఆపింది చాలావరకు ఈ పరువు భయమేనని నాకనిపిస్తుంది. ఇక కేసు సంగతి. గంజాయి తాగాడనో, కొద్దిపాటి సరుకుతో దొరికాడనో కేసున్న వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్స చేయించుకుంటే, ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 64ఏ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేసి వెళ్లిపోతే మాత్రం ఆ రక్షణ తీసేయొచ్చు. కాబట్టి పిల్లాణ్ణి చేర్పించేటప్పుడే ఎన్ని వారాలు ఉండాలో, తర్వాత ఎన్నిసార్లు రావాలో అడిగి రాయించుకోండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.