మొండి బ్యాక్టీరియా ఆసుపత్రిలోనే పుడుతుందా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. కల్చర్ రిపోర్టు (ఏ బ్యాక్టీరియా పెరిగింది, దాని మీద ఏ మందు పనిచేస్తుంది అని చెప్పే రిపోర్టు) చేతికిచ్చినప్పుడు పేషెంటు తరఫు వాళ్లు తరచూ అనే మాట: "మంచిగనే తీసుకొచ్చినం సార్, మీ వార్డులనే అంటుకుంది."

అపోహ: మందులకు లొంగని బ్యాక్టీరియా ఆసుపత్రిలోనే అంటుకుంటుంది.

వాస్తవం: ఆసుపత్రిలో అంటుకోవడం ఉంది, అందులో మా తప్పులూ ఉంటాయి. కానీ చాలాసార్లు అది పేషెంటుతోపాటే గేటు దాటి వస్తుంది. దేవరకొండ వైపు నుంచి ఒకామె మూత్రంలో మంటతో వచ్చింది. అంతకుముందు ఏ ఆసుపత్రిలోనూ అడ్మిట్ కాలేదు. యూరిన్ కల్చర్‌లో ఈ.కోలై అనే పేగుల బ్యాక్టీరియా పెరిగింది. దాన్ని ప్లేటు మీద పరిచి, మందు పట్టించిన చిన్న కాగితపు డిస్కులు పెడతాం. మందు పనిచేస్తే డిస్కు చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఆమె ప్లేటులో సెఫోటాక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ అనే రెండు యాంటీబయాటిక్‌ల డిస్కుల అంచు దాకా బ్యాక్టీరియా పాకి ఉంది. ఊళ్లో జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేదట. ఏం సూదో తెలియదు.

ఇలాంటి బ్యాక్టీరియా పేగుల్లో ఏ బాధా పెట్టకుండా నెలల తరబడి ఉండగలదు. ఆపరేషన్ జరిగినప్పుడో, క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేసినప్పుడో రక్తంలోకి దిగుతుంది. నర్సు చేతుల మీదుగా, తోడున్న వాళ్ల చేతుల మీదుగా పక్క మంచానికి పోతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. మందును తట్టుకునే జన్యువులను ఈ.కోలై ప్లాస్మిడ్ల (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్లగల చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ద్వారా క్లెబ్సియెల్లా వంటి వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తుంది.

అపోహ: ఎక్కువ మందులు వాడితే ఒళ్లు అలవాటు పడుతుంది.

వాస్తవం: అలవాటు పడేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. అందుకే అసలు మందులే వాడని మనిషికి కూడా ఇంట్లోవాళ్ల నుంచి అది రావచ్చు.

అపోహ: జలుబుకు యాంటీబయాటిక్ వేసుకుంటే తొందరగా తగ్గుతుంది.

వాస్తవం: జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పేగుల్లో మామూలు బ్యాక్టీరియా చచ్చి, మొండివి మిగులుతాయి.

అపోహ: కోళ్లకు వేసే మందులతో మనకేం సంబంధం?

వాస్తవం: ఐసీయూలో ఏ మందూ పనిచేయనప్పుడు చివరగా వాడే వాటిలో కొలిస్టిన్ ఒకటి. కోళ్లలో దానికి లొంగని బ్యాక్టీరియా తయారైతే అది మన దాకా రావచ్చు. అందుకే దాన్ని కోళ్లకు, పశువులకు వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది. షాద్‌నగర్ వైపు ఫారాలు నడిపే రైతులారా, దాణా సంచి మీద ఏం రాసి ఉందో ఒకసారి చదవండి.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఆమెకు కల్చర్ ప్రకారం నైట్రోఫ్యూరాంటోయిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే తగ్గింది. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఈ ఆర్నెల్లలో వాడిన మందుల చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు సంచిలో వేసుకుని రండి.