పాచికలు ఎంచిన మాటలు

పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక ప్రత్యేక చిహ్నం ఉండి తీరాలన్న నిబంధన చాలావరకు 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ రాసిన మార్గదర్శకాల వల్ల వ్యాపించింది. జనం మాత్రం ‘ఓ’కు బదులు సున్నా పెట్టి, చివర ఒకటి తగిలించి ఊరుకున్నారు. పాస్‌వర్డ్‌లను ఛేదించే సాఫ్ట్‌వేర్లకు ఈ మార్పులన్నీ కంఠోపాఠమే. 2017లో నిస్ట్ ఆ నిబంధనను వదులుకుంది; తన సలహాకు చింతిస్తున్నానని బర్ కూడా అదే ఏడాది చెప్పారు.

మాటల వరుసనే పాస్‌వర్డ్‌గా వాడాలన్న ఆలోచన అంతకంటే పాతది. 1982లో సిగ్మండ్ పోర్టర్ దానికి పాస్‌ఫ్రేజ్ అని పేరు పెట్టారు. దాన్ని లెక్కకు అందే పద్ధతిగా మలిచింది 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ రూపొందించిన డైస్‌వేర్. ఐదు పాచికలు వేస్తే 4, 1, 6, 2, 3 పడ్డాయనుకుందాం. జాబితాలో 41623 ఎదుట ఉన్న పదమే మీ మొదటి మాట, అది నచ్చినా నచ్చకపోయినా. ఆ జాబితాలోని 7,776 పదాలూ అందరికీ తెలిసినవే, దొంగకు కూడా. దొంగకు తెలియనిది పాచికలు ఎలా పడ్డాయన్నదొక్కటే.

2011లో ఎక్స్‌కేసీడీ అనే వెబ్ కార్టూన్ ‘కరెక్ట్ హార్స్ బ్యాటరీ స్టేపుల్’ అన్న ఉదాహరణతో ఈ ఆలోచనను ఇంటింటికీ చేర్చింది. 2,048 మాటల నుంచి యాదృచ్ఛికంగా నాలుగు తీస్తే దాదాపు 17.6 లక్షల కోట్ల వరుసలు వస్తాయి. సెకనుకు వెయ్యి ఊహల చొప్పున అన్నిటినీ ప్రయత్నించడానికి 550 ఏళ్లు పడుతుందన్న ఆ కార్టూన్ లెక్క తప్పు కాదు. అయితే అది వెబ్‌సైట్ ముంగిట నిలబడి ఊహించేవాడికి వర్తించే లెక్క. 2012లో 25 గ్రాఫిక్స్ చిప్‌లతో కట్టిన ఒక యంత్రం, విండోస్ వాడే బలహీనమైన హ్యాష్‌పై (అంటే పాస్‌వర్డ్‌ను దాచే ముందు గుర్తుపట్టలేనట్టు మార్చిన రూపంపై) సెకనుకు 35 వేల కోట్ల ఊహలు చేసి చూపింది. హ్యాష్‌ల ఫైలు దొంగ చేతికి చిక్కితే ఆ వేగంతో నాలుగు మాటలకు పట్టేది 50 సెకన్లే. డైస్‌వేర్ ఆరు మాటలకైతే సుమారు 20 వేల ఏళ్లు.

అసలు చిక్కు మాటలను మనిషే ఎంచుకున్నప్పుడు వస్తుంది. కొనుగోలుదారులు మాటల వరుసతో చెల్లింపు చేసే అమెజాన్ పేఫ్రేజ్ సేవను 2012లో పరిశీలించిన కేంబ్రిడ్జ్ పరిశోధకులు జోసెఫ్ బోనో, యెకతెరీనా షుతోవా, జనం సహజ భాషలో కలిసి వచ్చే మాటలవైపే మొగ్గుతున్నారనీ, సినిమా పేర్ల వంటి జాబితాలతోనే చాలావాటిని ఊహించవచ్చనీ తేల్చారు. తెలుగువారికీ ఇది వర్తిస్తుందని నా నమ్మకం. ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అన్న సామెతను ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తే ముప్పైకి పైగా అక్షరాలు అవుతాయి, మాటలూ సరిగ్గా ఆరే. కానీ సామెతల జాబితా దగ్గర పెట్టుకున్న దొంగకు ఆ ఆరు మాటలూ కలిపి ఒకే ఒక్క ఊహ.