రెండు యూనివర్సిటీల్లో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్) సీటొస్తే ఏది ఎంచుకోవాలి? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన వారంలో బెజవాడ, గుంటూరు ఇళ్లల్లో ఒకటే చర్చ. వడ్డేశ్వరమా, ఐనవోలా? కానూరా, చౌడవరమా? అన్నీ ఇంజనీరింగ్ కాలేజీలున్న ఊళ్లే. బంధువుల్లో ఒకాయన ఒకటంటారు, పక్కింటావిడ ఇంకోటంటారు. వాళ్లు చెప్పేవన్నీ తప్పులు కావు. కానీ ఎక్కువమంది సంస్థ పేరును పోలుస్తారు, మీరు పోల్చాల్సింది మాత్రం మీకొచ్చే సీటును.

అపోహ: డీమ్డ్ యూనివర్సిటీ డిగ్రీ ప్రభుత్వ ఉద్యోగాలకు పనికిరాదు.

వాస్తవం: పనికొస్తుంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 1956లోని 3వ సెక్షన్ కింద డీమ్డ్‌గా గుర్తింపు పొందిన సంస్థకు సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం ఉంటుంది. వడ్డేశ్వరంలోని కేఎల్, వడ్లమూడిలోని విజ్ఞాన్ ఈ కోవలోవే. ఐనవోలులోని విట్-ఏపీ, నీరుకొండలోని ఎస్‌ఆర్‌ఎం-ఏపీ రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన ప్రైవేటు యూనివర్సిటీలు. పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో చూసుకుంటే ఈ సందేహం అక్కడితో తీరిపోతుంది.

అపోహ: న్యాక్‌లో ఏ ప్లస్ ప్లస్ వచ్చిందంటే సీఎస్ఈ బాగున్నట్టే.

వాస్తవం: న్యాక్ విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేస్తుంది, ఆ గ్రేడు సంస్థ మొత్తానికి ఇస్తారు. బ్రాంచి సంగతి చెప్పేది ఒక్కో కోర్సుకూ విడిగా గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొట్టి, కంప్యూటర్ సైన్స్ వరుసలో గుర్తింపు ఏ తేదీ వరకు ఉందో చూడండి. అది టియర్-1 (యూనివర్సిటీలకు, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకు ఇచ్చేది) గుర్తింపేనా అన్నదీ గమనించండి. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014లో శాశ్వత సభ్యదేశమైనా, ఆ ఒప్పందం పరిధిలోకి వచ్చేది టియర్-1 కోర్సులే. ఏఐ లాంటి కొత్త బ్రాంచీలకు ఎన్‌బీఏ లేదని కంగారు పడొద్దు. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికొస్తే గానీ దరఖాస్తుకే వీలుండదు.

కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఇంజనీరింగ్ విభాగంలో 30 శాతం మార్కులు పరిశోధనకు, 10 శాతం సంస్థకున్న పేరుకు పోతాయి. పరిశోధనా పత్రాలు ఎన్ని అచ్చయినా, మొదటి ఏడాది పిల్లాడికి సీ ప్రోగ్రామ్‌లో తప్పెక్కడుందో పక్కన నిలబడి చూపించే మనిషి ఉన్నాడా లేడా అన్నది ఆ ర్యాంకు చెప్పదు.

అపోహ: బెంజ్ సర్కిల్ హోర్డింగు మీద ఎన్ని వేల ఆఫర్లుంటే అంతమందికి ఉద్యోగాలొచ్చినట్టు.

వాస్తవం: ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేసే అలవాటుంది. అసలు లెక్క ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు సంస్థ సమర్పించిన పీడీఎఫ్‌లో దొరుకుతుంది. ర్యాంకుల వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది, కాలేజీ వెబ్‌సైట్‌లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ అన్న లింకు కిందా ఉంటుంది. అందులో నాలుగేళ్ల యూజీ పట్టిక తీసి ఐదు అంకెలు కాగితం మీద రాసుకోండి: ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులోగా పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకెళ్లారు, ఉద్యోగం వచ్చినవాళ్ల మధ్యస్థ జీతం (జీతాలన్నీ వరుసగా పేర్చితే నడిమధ్యన వచ్చేది) ఎంత.

ఒక సంస్థలో 2,000 మంది చేరి, 1,600 మంది గడువులోగా పాసై, 1,000 మందికి ఉద్యోగాలొచ్చి, 200 మంది పైచదువులకు వెళ్లారనుకుందాం. ఉద్యోగమో పైచదువో దక్కినవాళ్లు పాసైనవాళ్లలో చూస్తే 75 శాతం. చేరినవాళ్లలో చూస్తే 60 శాతమే. ప్రకటనలో మొదటిదే కనిపిస్తుంది, మీ అబ్బాయి లేదా అమ్మాయి మాత్రం రెండో లెక్కలో ఉంటారు. ఆ అంకెలన్నీ అన్ని బ్రాంచీలూ కలిపినవని కూడా గుర్తుంచుకోవాలి. సీఎస్ఈ ఒక్కదానికి కావాలంటే ప్లేస్‌మెంట్ సెల్‌లో బ్రాంచివారీ జాబితా అడగాలి. ఇవ్వడానికి తటపటాయిస్తే అదీ ఒక సమాధానమే.

గరిష్ఠ ప్యాకేజీ ఒక్కరిది. దాన్ని వదిలేసి మధ్యస్థం చూడండి. ఆ ప్యాకేజీలో జాయినింగ్ బోనస్, వేరియబుల్ పే, గ్రాట్యుటీ, కంపెనీ కట్టే పీఎఫ్ అన్నీ కలిపేస్తారు కాబట్టి నెలనెలా చేతికొచ్చేది అంతకన్నా తక్కువే ఉంటుంది.

అపోహ: ఎక్కువ సెక్షన్లుంటే పెద్ద డిపార్ట్‌మెంటు, మంచి చదువు.

వాస్తవం: సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి బాగా నడిచే సంస్థలకు బ్రాంచి సీట్ల మీద పరిమితి ఎత్తేసింది. దాంతో చాలాచోట్ల కంప్యూటర్ సీట్లు ఒక్కసారిగా పెరిగాయి. సెక్షన్‌కు 60 మంది చొప్పున 20 సెక్షన్లంటే ఏడాదికి 1,200 మంది, నాలుగేళ్లకు 4,800 మంది. 20 మందికి ఒకరన్న ఏఐసీటీఈ నిష్పత్తి ప్రకారం 240 మంది అధ్యాపకులు కావాలి. వెబ్‌సైట్‌లోని ఫ్యాకల్టీ జాబితాలో పేర్లు లెక్కపెట్టండి. వాళ్లలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లెందరు, ఈ ఏడాదే చేరినవాళ్లెందరు?

నా దృష్టిలో రెండు సంస్థల మధ్య తేడా తేలేది ల్యాబ్‌లోనే. క్యాంపస్ చూపించడానికి వాళ్లు పిలిచిన ఆదివారం కాకుండా, తరగతులు జరిగే రోజు వెళ్లి, క్యాంటీన్ దగ్గర రెండో ఏడాది పిల్లల్ని అడగండి. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో బ్యాచికి 30 మందేనా, సెక్షన్ మొత్తాన్నీ ఒకేసారి కూర్చోబెడతారా? చూసేది ఒక్కరా, ఇద్దరా? రాసిన కోడ్‌ను టెస్ట్ కేసులతో సరిచూసే ప్లాట్‌ఫామ్ మీద సబ్మిట్ చేస్తారా, సీనియర్ల రికార్డు చూసి ఎక్కించి సంతకం పెట్టించుకుంటారా? రెండోదైతే మూడో ఏడాదిలో కోడింగ్ పరీక్షకు కూర్చున్నప్పుడు పిల్లలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. అప్పుడు లక్ష రూపాయల కోచింగూ పెద్దగా ఆదుకోదు.

అపోహ: ఏఐ, డేటా సైన్స్ బ్రాంచీలకు మామూలు సీఎస్ఈ కన్నా గిరాకీ ఎక్కువ.

వాస్తవం: నియామకాల్లో చాలా కంపెనీలు వీటన్నిటినీ ఒకే గాటన కడతాయి. ఆల్గారిథమ్స్, ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్), డీబీఎంఎస్ (డేటాబేస్‌లు), నెట్‌వర్క్స్ అన్నిట్లోనూ ఉండాల్సినవే. సిలబస్ పీడీఎఫ్ తెరిచి ఈ నాలుగూ పూర్తి సబ్జెక్టులుగా ఉన్నాయో లేదో చూడండి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపరొచ్చింది, కంప్యూటర్ సైన్స్ పేపర్ ఎలాగూ ఉంది. మంచి ల్యాబ్‌లున్న చోట ఏఐ సీటు, అంతంతమాత్రపు చోట సీఎస్ఈ సీటు వస్తే మొదటిదే తీసుకోండి.

అపోహ: మొదటి ఏడాది ఫీజును నాలుగుతో గుణిస్తే ఖర్చు తేలిపోతుంది.

వాస్తవం: విట్ లాంటిచోట ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి ఫీజు కేటగిరీ మారుతుంది, అంటే పక్కపక్కన కూర్చున్న ఇద్దరి ఫీజులూ వేరు కావచ్చు. స్కాలర్‌షిప్ ఇస్తామంటే, ఏటా అది నిలవడానికి ఎంత సీజీపీఏ ఉండాలో, ఒక బ్యాక్‌లాగ్ వస్తే పోతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్‌లో తప్పి రాయితీ పోగొట్టుకునేవాళ్లుంటారు. హాస్టల్, మెస్, బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్ వేరే లెక్క. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అర్హత ఉన్న కుటుంబానికి కన్వీనర్ కోటాలో (ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ద్వారా) వచ్చే కాస్త చిన్న కాలేజీయే తెలివైన ఎంపిక కావచ్చు.

అపోహ: వెబ్ ఆప్షన్లలో అందని కాలేజీని పైన పెడితే అందేది కూడా పోతుంది.

వాస్తవం: పోదు. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు జాబితాను పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ ఇస్తారు. అసలు ప్రమాదం రెండో విడతలో ఉంది. అక్కడ కొత్త సీటొస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. కాబట్టి చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మెరుగనుకున్నవే పెట్టండి. నిరుటి చివరి ర్యాంకుల పట్టికలో మన జిల్లాలవాళ్లు చూడాల్సింది ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ప్రాంతం, సొంత కేటగిరీ వరుసలు. సీఎస్ఈ, సీఎస్ఎం (ఏఐ, మెషీన్ లెర్నింగ్), సీఎస్‌డీ (డేటా సైన్స్), ఏఐడీ (ఏఐ, డేటా సైన్స్) కోడ్‌లు వేర్వేరు కాబట్టి ఒక్కోదాన్నీ విడిగా ఎక్కించాలి.

అపోహ: ముందే కట్టి సీటు పట్టుకుంటే ఆ డబ్బు ఇక రాదు.

వాస్తవం: యూనివర్సిటీలకు యూజీసీ 2018 నోటిఫికేషన్ వర్తిస్తుంది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందే మానుకుంటే మొత్తం తిరిగివ్వాలి. ప్రాసెసింగ్ కింద ఫీజులో 5 శాతానికి, గరిష్ఠంగా రూ.5,000కు మించి కోయకూడదు. ఆ తర్వాత చివరి తేదీలోపైతే 90 శాతం, దాటాక 15 రోజుల్లోపైతే 80, 30 రోజుల్లోపైతే 50 శాతం, ఆపైన ఏమీ రాదు. కొన్ని విద్యాసంవత్సరాల్లో యూజీసీ ఇంతకన్నా ఉదారమైన గడువులిచ్చింది, అందుకే ఆ ఏటి సర్క్యులర్ కూడా చూడండి. మానుకుంటున్నామని ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. దరఖాస్తు నంబరు, రసీదు, బ్యాంకు ఖాతా వివరాలతో ఈమెయిల్ పంపండి, ఆ ఈమెయిల్ తేదీయే మీకు ఆధారం. సరిచూశాక ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థ దగ్గర పెట్టుకోవడం కూడా ఆ నోటిఫికేషన్‌కు విరుద్ధమే.