వేళ్లు చల్లబడితే తప్పంతా రక్తానిదేనా?

గుంటూరులో మిరప తొడిమలు తీసే ఆడవాళ్ల బొటనవేలికీ చూపుడువేలికీ పొద్దస్తమానం పనే. ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లకు అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ రావడం మామూలే. విదిలిస్తే కాస్త నయం. కొందరికి ఆ వేళ్లే చల్లబడి పాలిపోతాయి కూడా. వెంటనే ‘రక్తం ఆడటం లేదు’ అనేస్తాం. రక్తనాళాలు నిక్షేపంగా ఉండి, వాటిని అదుపు చేసే నరం నలిగినా ఇలాగే అవుతుంది.

మణికట్టు ఎముకలకూ, వాటి మీద అడ్డంగా బిగిసిన పట్టీకీ నడుమ ఇరుకు దారి ఉంది. అందులోంచి 9 స్నాయువులు (కండను ఎముకకు కట్టే తాళ్లు), బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శనిచ్చే మీడియన్ నరం వెళ్తాయి. స్నాయువుల పొరలు ఉబ్బితే నలిగేది నరమే. ఈ జబ్బునే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. 1981లో గెల్బర్‌మన్ అనే వైద్యుడి బృందం అక్కడి పీడనం కొలిస్తే మామూలు చేతుల్లో సగటున 2.5, రోగుల్లో 32 మి.మీ. పాదరసం ఉంది. రోగులు మణికట్టు వంచితే 90 దాటింది. చెయ్యి మడిచి పడుకుంటే నరం గతేమిటో ఊహించుకోవచ్చు.

ఈ నరంలో స్పర్శ తంతువులతో పాటు సన్నటి సింపథటిక్ తంతువులూ ఉంటాయి. సన్న రక్తనాళాలను బిగించేదీ, చెమట పట్టించేదీ ఇవే. రేగితే వేళ్లు చల్లబడి చెమర్చుతాయి. చచ్చుబడితే వెచ్చగా, పొడిగా అవుతాయి. అయితే ఒత్తిడికి ముందు లొంగేవి స్పర్శ మోసే లావు తంతువులు. కాబట్టి తిమ్మిరి లేకుండా ఒట్టి చల్లదనమే ఉంటే నరాన్ని కాక, చలికి వేళ్ల రక్తనాళాలు బిగుసుకుపోయే రేనాడ్ జబ్బునో, థైరాయిడ్‌నో ముందు అనుమానించాలి.

ఈ సింపథటిక్ తంతువులు పనిచేస్తున్నాయో లేదో చూసే ఓ పాత పరీక్ష ఉంది. 40 డిగ్రీల నీళ్లలో రెండు చేతులూ 30 నిమిషాలు ఉంచాలి. మొద్దుబారిన చేతికి కాలినా తెలియదు, థర్మామీటరుతోనే చూడండి. సింపథటిక్ తంతువులు రక్తనాళాలను బిగిస్తే లోపలి కండ కుంచించుకుపోయి పైచర్మం ముడతలు పడుతుంది. చిటికెన వేలికి వేరే నరం. ఆ వేలు ముడతలు పడి, చూపుడువేలు నున్నగా మిగిలితే మీడియన్ నరం బాగా దెబ్బతిన్నట్టే. ముడతలు వచ్చాయి కదాని నరం క్షేమమనుకోకూడదు, తొలిదశలో మామూలుగానే వస్తాయి. నరాల కరెంటు పరీక్షకూ ఓ లోటుంది: అది లావు తంతువులనే చదువుతుంది.

బలం సూదులతో నరం మీది ఒత్తిడి తగ్గదు. మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే స్ప్లింట్‌ను రాత్రిళ్లు 6 వారాలు వాడి చూడాలి. బొటనవేలి కింది కండ కరుగుతుంటే మాత్రం ఆగకుండా సర్జన్‌కు చూపించాలి.

ఒక చెయ్యి మొత్తం ఉబ్బి నీలంగా మారితే అది మణికట్టు గొడవ కాదు. కాలరు ఎముక కింద సిర నలిగి గడ్డకట్టి ఉండొచ్చు. చేతి సంగతి కాకపోయినా నరాలు నలిగే మరో ప్రమాదముంది: నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా వెన్ను అడుగున నరాల కట్ట నలుగుతోందేమో. ఈ రెండింటికీ తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.