ఎగుడుదిగుడు అడ్డుగోడలో టన్నెలింగ్: అపోహలు - వాస్తవాలు

టన్నెలింగ్ అంటే, పైనుంచి దాటేంత శక్తి లేకపోయినా ఎలక్ట్రాన్ ఒక అడ్డుగోడకు అవతల తేలడం. టన్నెల్ జంక్షన్‌లో ఆ గోడ రెండు లోహాల మధ్య ఉండే పలచటి నిరోధక పొర; గోడ ఎత్తు అంటే దాన్ని పైనుంచి దాటడానికి కావలసిన శక్తి.

అపోహ: పొర సగటు మందం తెలిస్తే కరెంటు ఎంతో చెప్పేయొచ్చు.

టన్నెల్ జంక్షన్లతో పనిచేసే మాలో ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. అడ్డుగోడ ఎత్తు ఎలక్ట్రాన్ శక్తి కన్నా 5 ఎలక్ట్రాన్ వోల్టులు (ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే ప్రమాణం) ఎక్కువ అనుకుందాం. మందం 0.1 నానోమీటరు తగ్గితే చాలు, కరెంటు సుమారు 10 రెట్లవుతుంది. ఇప్పుడు సగటున 1 నానోమీటరు మందమున్న పొర తీసుకోండి. సగం వైశాల్యంలో మందం 0.9, మిగతా సగంలో 1.1. అంతటా సమంగా ఉన్న పొరతో పోలిస్తే దీనిలో కరెంటు దాదాపు 5 రెట్లు ఎక్కువ. పైగా అందులో 99 శాతం పలచటి సగంలోంచే పోతుంది!

కాబట్టి కొలిచిన కరెంటు నుంచి వెనక్కి లెక్కగట్టిన మందం నిజమైన సగటు కాదు, పలచటి చోట్ల వైపు ఒరిగిన అంకె. మైక్రోస్కోపులో కనిపించిన మందంతో అది కలవలేదని టెన్షన్ పడక్కర్లేదు. అచ్చంగా కలిస్తేనే నాకు అనుమానం. 1981లో బిన్నిగ్, రోరర్ తయారుచేసిన స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు (ఉపరితలానికి అతి దగ్గరగా సూదిని నడిపి, టన్నెలింగ్ కరెంటుతో పరమాణువులను చూసే పరికరం) పనిచేసేది కూడా ఈ గుణం వల్లే: సూది మొన ఎంత గరుకుగా ఉన్నా, అన్నిటికన్నా కిందికి పొడుచుకొచ్చిన పరమాణువే దాదాపు కరెంటంతా మోస్తుంది.

అపోహ: గోడ ఒకవైపు నిటారుగా, రెండోవైపు ఏటవాలుగా ఉంటే, ఏటవాలు వైపు నుంచి దాటడం తేలిక.

కాదు. శక్తి ఒకటే అయితే అటునుంచి ఇటు, ఇటునుంచి అటు దాటే అవకాశం సమానమే. మరి వోల్టేజ్ దిశ మారిస్తే కరెంటు ఎందుకు మారుతుంది? వోల్టేజ్ గోడనే వంచుతుంది కాబట్టి. ఒక దిశలో పెట్టినప్పుడు ఏర్పడే గోడ వేరు, రెండో దిశలో ఏర్పడే గోడ వేరు. అసమాన గోడ ఉంటే వాహకత (వోల్టేజ్ కాస్త మారితే కరెంటు ఎంత మారుతుందో చెప్పే అంకె) గ్రాఫులో కనిష్ఠం సున్నా వోల్టు నుంచి పక్కకు జరుగుతుందని భౌతిక శాస్త్రవేత్తలు బ్రింక్‌మన్, డైన్స్, రోవెల్ 1970లోనే లెక్కగట్టి చూపించారు.

అపోహ: గోడ దాటేసరికి ఎలక్ట్రాన్ శక్తి తగ్గిపోతుంది.

మామూలు టన్నెలింగులో తగ్గేది దాటే అవకాశమే, శక్తి కాదు.

అపోహ: ఇంకో గోడ అడ్డం పెడితే దాటడం ఇంకా కష్టం.

అన్నిసార్లూ కాదు. రెండు గోడల మధ్య ఇరుకు బావిలో (ఎలక్ట్రాన్ చిక్కుకునే జాగాలో) నిలిచే శక్తి స్థాయికి ఎలక్ట్రాన్ శక్తి సరిగ్గా సరిపోతే, గోడలు సమానమైనప్పుడు సిద్ధాంతం ప్రకారం అది నూటికి నూరు శాతం దాటగలదు. సమానం కాకపోతే ఆ నూరు శాతం పడిపోతుంది: ఒక గోడ రెండోదానికన్నా 100 రెట్లు సులువుగా దాటనిస్తే మిగిలేది సుమారు 4 శాతమే. ఇక్కడా వోల్టేజ్ గోడల్ని వంచుతుంది కనుక, సున్నా వోల్టు దగ్గర సమానంగా కనిపించిన జంట పనిచేసే వోల్టేజ్ దగ్గర సమానంగా ఉండదు.