పాత పాటలు, పీర్ టు పీర్: అపోహలు - వాస్తవాలు

గ్రామఫోన్ రికార్డులు, ఎల్పీలు, క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. చెన్నైలో ఈ పనికి కొదవ లేదు. తెలుగు సినిమా ఇక్కడ ఉన్న రోజుల్లో వడపళని, కోడంబాకం, టీ నగర్‌లలో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లల్లో అటక మీద ఇప్పటికీ రికార్డుల పెట్టెలు దొరుకుతున్నాయి. ఫైళ్లు చేతికి ఇచ్చాక పెద్దవాళ్లు వినడంలో పడిపోతారు. పిల్లలు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఇవి టారెంట్‌లో పెట్టొచ్చా?" అని అడుగుతారు. చాలామంది అక్కర్లేని చోట భయపడుతున్నారు, భయపడాల్సిన చోట ధీమాగా ఉంటున్నారు.

అపోహ: టారెంట్ వాడటమే నేరం

కాదు. ఒకే సర్వర్ నుంచి కాకుండా, వాడేవాళ్ల కంప్యూటర్ల మధ్యే ముక్కలు ముక్కలుగా ఫైలు పంపే పద్ధతి (పీర్ టు పీర్) అది, అంతే. దాని అసలు పేరు బిట్‌టారెంట్. ఉబుంటు, డెబియన్ వాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌ను టారెంట్‌లోనూ ఇస్తారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో 2012 నుంచి టారెంట్లు ఉన్నాయి. స్పాటిఫై కంప్యూటర్ యాప్ కూడా 2014 దాకా పాటలను కొంతవరకు వినేవాళ్ల కంప్యూటర్ల మధ్యే తిప్పింది.

నేరమా కాదా అన్నది మీరు పంపే సరుకును బట్టి ఉంటుంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. "నేను దించుకుంటున్నానంతే, పంచట్లేదు కదా" అంటే కుదరదు. బిట్‌టారెంట్‌లో ఒక ముక్క మీ దగ్గరికి చేరగానే, మీ కంప్యూటర్ దాన్ని ఇతరులకు ఇవ్వడం మొదలుపెడుతుంది.

ఈ భయం 2012లో బాగా పెరిగింది. సినిమా పైరసీ కేసులో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చూపించి ఇంటర్నెట్ కంపెనీలు ఏకంగా సైట్లనే మూసేశాయి. ఆపాల్సింది ఫలానా లింకులనే గానీ మొత్తం సైట్లను కాదని ఆ జూన్‌లో కోర్టే చెప్పింది. మూసేసిన సంగతి అందరికీ గుర్తుంది, ఈ రెండో సంగతి ఎవరికీ గుర్తు లేదు.

అపోహ: పాత పాట ఎవరిదీ కాదు

ధీమా పనికిరాని చోటు ఇదే. ఒక పాటలో హక్కులు పొరలు పొరలుగా ఉంటాయి. రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. అంటే 1960లో వచ్చిన రికార్డుకు 2020 డిసెంబర్ 31తో గడువు తీరింది. సాహిత్యానికి, బాణీకి లెక్క వేరు. వాటిని చేసినవారు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు నడుస్తుంది. ఘంటసాల గారు 1974లో పోయారు. ఆయన 1950లలో బాణీ కట్టిన పాటకు రికార్డు గడువు తీరినా, బాణీ మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. త్యాగరాజస్వామి 1847లోనే సిద్ధి పొందారు కాబట్టి 1950లో విడుదలైన ఆయన కీర్తన రికార్డుకు ఈ రెండు చిక్కులూ లేవు. నేను పంచేవన్నీ ఇలాంటివే. సినిమా పాటల ఫైళ్లు ఇంటివాళ్లకే ఇచ్చేస్తాను, ఎంత బతిమాలినా సరే.

అపోహ: ఫ్లాక్ ఫైలే, హ్యాష్ కూడా సరిపోయింది, ఇక అనుమానమే లేదు

ఫ్లాక్ అంటే నాణ్యత తగ్గకుండా పాటను దాచే ఫైలు రకం. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య. అది సరిపోయిందంటే, మొదట పెట్టినవాడు ఏం పెట్టాడో అదే మీకు చేరిందని అర్థం. వాడు ఏం పెట్టాడన్నది హ్యాష్‌కు తెలియదు. 128 కేబీపీఎస్ ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి పెట్టినా అది చక్కగా సరిపోతుంది. స్పెక్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి చూడండి, ధ్వని ఎంత పైదాకా ఉందో బొమ్మగా చూపిస్తుంది. 128 ఎంపీ3లో సాధారణంగా 16 వేల హెర్ట్జ్ దగ్గర బొమ్మ అడ్డంగా కోసినట్టు ఆగిపోతుంది. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులో అంత పైన సంగీతం ఎలాగూ ఉండదు, గరగర మాత్రం ఉంటుంది. ఆ గరగర కూడా గీత గీసినట్టు అక్కడే ఆగిపోతే అనుమానించాల్సిందే.

నాకు ఇంతకంటే పెద్ద చిరాకు వేగంతో. 78 అని పేరే గానీ ఆ రోజుల్లో రికార్డులన్నీ కచ్చితంగా 78లోనే చేయలేదు. 78లో తిరగాల్సినదాన్ని 80లో తిప్పితే, శ్రుతి పక్క స్వరస్థానానికి దాదాపు సగం దూరం జరిగిపోతుంది. మార్గళి (ధనుర్మాసం) కచేరీలు వినే ఊళ్లో ఇది ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. కొందరు ఎల్పీ సూదితోనే 78 రికార్డు వాయిస్తారు. ఆ గాడి చాలా వెడల్పు, సన్న సూది అడుగున దుమ్ములో దొర్లుతుంది. ఆ మోతనంతా సాఫ్ట్‌వేర్‌తో తుడిచేసరికి గాయకుడి గొంతులో సగం పోతుంది. అలాంటి ఫైలు వెయ్యిమంది దగ్గర ఉన్నా ఒక మంచి కాపీకి సాటి రాదు.

పాట పేరుతో వచ్చిన ఫైలు చివర ఈఎక్స్‌ఈ అని ఉంటే తెరవకండి. విండోస్‌లో ఆ చివరి అక్షరాలు మామూలుగా కనిపించవు, కనిపించేలా సెట్టింగ్ మార్చుకోండి.

అపోహ: ఒకసారి నెట్‌లో పడితే ఎక్కడికీ పోదు

పాటలు పంచుకునే నాప్‌స్టర్ 1999లో వచ్చింది, 2001లో కోర్టు దెబ్బకు మూతపడింది. ఎవరి దగ్గర ఏ పాట ఉందో చెప్పే జాబితా ఆ కంపెనీ సర్వర్లలోనే ఉండేది కాబట్టి అది ఆగగానే అంతా ఆగిపోయింది. బిట్‌టారెంట్‌కు అలాంటి మెడకాయ లేదు. కానీ ఫైలు మొత్తం ఉన్నవాళ్లు, అంటే సీడర్లు, ఒక్కొక్కరే కంప్యూటర్ ఆపేస్తే ఆ టారెంట్ చచ్చిపోతుంది. "96 శాతం దగ్గర వారంగా ఆగిపోయింది" అంటారు చూడండి, అది ఇదే. మిగిలిన అందరి దగ్గరా ఉన్నవి ఆ 96 శాతం ముక్కలే. కొత్త సినిమా పాటలకు ఈ టెన్షన్ ఉండదు. 1940ల నాటి నాదస్వరం రికార్డుకు ప్రపంచం మొత్తం మీద సీడర్ ఒక్కడే ఉండొచ్చు, వాడు ఇల్లు మారొచ్చు. నేను పెట్టినవన్నీ విడిగా రెండు హార్డ్ డిస్కుల్లో దాచుకుంటాను.

అపోహ: స్పీడ్ రాలేదంటే నెట్ కంపెనీ తొక్కేస్తోంది

ఓఎమ్ఆర్ (చెన్నైలో ఐటీ కంపెనీలుండే రోడ్డు) ఫ్లాట్లలో ఉండే కుర్రాళ్ల మాట ఇది. రూటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఒకే అడ్రస్ వెనక చాలా ఇళ్లను కలిపి కూర్చోబెట్టారన్నమాట. బయటివాళ్లు మిమ్మల్ని నేరుగా చేరడం కష్టం. ఐపీవీ6 (కొత్త రకం అడ్రస్ పద్ధతి) ఆన్ చేస్తే చాలాసార్లు పరిస్థితి మెరుగవుతుంది. అప్‌లోడ్‌కు పరిమితి కూడా పెట్టండి. ఆ దారి నిండిపోతే, డౌన్‌లోడ్ అందిందని వెళ్లాల్సిన రసీదులు కూడా ఇరుక్కుని అన్నీ నత్తనడక నడుస్తాయి, ఆఫీసు వీడియో కాల్‌తో సహా.

అపోహ: వెతికితే రాలేదంటే ఎవరి దగ్గరా లేనట్టే

సోల్‌సీక్ లాంటి పాటలు పంచుకునే చోట వెతుకులాట ఫైలు పేర్లలో, ఫోల్డర్ పేర్లలో జరుగుతుంది. పాటను అది వినదు. "ట్రాక్ 01" అని పెట్టిన కీర్తన ఉండీ లేనట్టే. మనవాళ్లు త్యాగరాజు పేరును ఇంగ్లిష్‌లో టీ, వై అని మొదలుపెడితే తమిళులు టీ, హెచ్, వై అని రాస్తారు. ఘంటసాల పేరులో హెచ్ ఒకరు పెడతారు, ఒకరు మానేస్తారు. అన్ని రకాలుగానూ వెతకండి, రాగం పేరుతో కూడా. ఒక మంచి ఫైలు దొరికితే ఆ మనిషి పంచిన ఫోల్డర్లన్నీ తెరిచి చూడండి. నాకు అరుదైనవి ఎక్కువగా అలాగే దొరికాయి. మీరు పెట్టేటప్పుడు గాయకుడు, రాగం, కంపెనీ, లేబుల్ మీది నంబర్, ఏ వైపు అన్నవి ఫైలు పేరులోనే రాయండి. లేబుల్‌ను ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో వేయండి.