కోట్ల పేర్లు, నాలుగు పేజీలు

“ఫోన్ నంబరు కొట్టగానే బ్యాంకు కంప్యూటర్లో నా ఖాతా క్షణంలో బయటికొస్తుంది. అక్కడ కోట్లమంది ఉంటారు కదా, అందరినీ వెతుక్కుంటూ వస్తుందా? అంత పెద్ద కంప్యూటరా అది?” అని ఒక పాఠకురాలు అడిగారు. వెతుక్కుంటూ రాదండీ. మూడు నాలుగు పేజీలు చూస్తుంది, అంతే. దానికి మహా పెద్ద కంప్యూటరేమీ అక్కర్లేదు. కోట్లను నాలుగు పేజీలకు కుదించిన ఉపాయం 1970 నాటిది. పేరు బి-ట్రీ. డేటాబేస్ అంటే ఏమిటి, టేబుల్ అంటే ఏమిటి అనే పాఠం వదిలేస్తున్నాను, అది ఎక్కడైనా దొరుకుతుంది. నాకు ముచ్చటేసేది ఈ చెట్టే.

ముందు చిన్న లెక్క. వంద కోట్ల నంబర్లు వరసగా పేర్చి ఉన్నాయనుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూస్తాం. మనకు కావలసింది దానికంటే పెద్దదైతే కింది సగాన్ని వదిలేస్తాం, చిన్నదైతే పై సగాన్ని వదిలేస్తాం. మిగిలిన సగంలో మళ్లీ మధ్యది చూస్తాం. ఇలా ముప్పై సార్లు చేస్తే ఒక్కటే మిగులుతుంది. ముప్పై పోలికలంటే ప్రాసెసర్‌కి లెక్కలోకి రాని పని. మరి ఇక్కడితో అయిపోవాలి కదా?

అయిపోదు. ఆ నంబర్లు ఉన్నది ప్రాసెసర్ పక్కన కాదు, డిస్కు మీద. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకి ఒక్కో చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. మనకు కావలసిన చోటు హెడ్డు (డిస్కును చదివే ముల్లు) కిందికి వచ్చేదాకా సగటున సగం చుట్టు ఆగాలి. అంతకుముందు ఆ హెడ్డు డిస్కు మీది సరైన వలయం (ట్రాక్) మీదికి జరగడానికి మరో ఎనిమిది, తొమ్మిది మిల్లీసెకన్లు. మొత్తం పన్నెండు అనుకుందాం. అదే మెమరీలోంచి (ర్యామ్) తెచ్చుకుంటే దాదాపు 100 నానోసెకన్లు. తేడా లక్ష రెట్ల పైమాటే! చివరి ఏడెనిమిది పోలికలు పక్కపక్కనే పడి ఒకే ప్రయాణంలో కలిసొచ్చినా, ఇంకా ఇరవై పైచిలుకు ప్రయాణాలు మిగులుతాయి. ఒక్క ఖాతాకి పావు సెకను. వెనక లక్షమంది క్యూలో ఉన్నారు.

బోయింగ్ అంటే మనకు విమానాలే గుర్తొస్తాయి. సియాటెల్‌లోని ఆ కంపెనీ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనే ఇద్దరు ఈ లెక్కను తిరగేసి చూశారు. డిస్కు దగ్గరికి వెళ్లడమే ఖరీదైనప్పుడు, వెళ్లిన ప్రతిసారీ ఒక్క నంబరే చూసి రావడం దేనికి? వందల నంబర్లను ఒక పేజీగా కట్టి, పేజీ మొత్తాన్ని ఒకేసారి తెచ్చుకుంటే సరిపోతుంది కదా. ఇక్కడ పేజీ అంటే డిస్కు నుంచి ఒక్క దఫాలో తెచ్చుకునే ముక్క. ఒక్కో నంబరు పక్కన “దీని తరవాతివి ఫలానా పేజీలో ఉన్నాయి” అని చిరునామా ఉంటుంది. ఆ చిరునామా పట్టుకుని కింది పేజీకి దిగుతాం.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఒక పేజీ 16 కిలోబైట్లు. నంబరు, చిరునామా కలిపి ముప్పై బైట్ల చొప్పున వేసుకుంటే పేజీకి ఐదు వందలు పడతాయి. పై పేజీ ఒకటి. దాని కింద 500 పేజీలు. వాటి కింద రెండున్నర లక్షలు. వాటి కింద 12.5 కోట్ల పేజీలు, వాటిలో 6,250 కోట్ల నంబర్లు. నాలుగే మెట్లు! భూమ్మీద ఉన్న మనుషులందరికీ తలా ఏడు ఖాతాలు తెరిచినా చోటు మిగులుతుంది. ఇంకో సంగతి. పై రెండు మెట్లూ కలిపి ఎనిమిది మెగాబైట్లు, ఒక ఫొటో అంత. అవి ఎప్పుడూ మెమరీలోనే ఉంటాయి. మూడో మెట్టు నాలుగు గిగాబైట్లు, ఈ రోజుల్లో సర్వర్‌కి అదీ పెద్ద బరువు కాదు. ఇక డిస్కు దాకా వెళ్లాల్సింది ఒక్కసారే.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఏమిటంటే, ఇంత చేసినా పోలికలు ఒక్కటి కూడా తగ్గలేదు. ఐదు వందల నంబర్లున్న పేజీలో కావలసినదాన్ని సగాల పద్ధతిలో పట్టుకోవడానికి తొమ్మిది పోలికలు. నాలుగు పేజీలకు ముప్పై ఆరు. 6,250 కోట్లను నేరుగా సగాలు చేసుకుంటూ పోయినా ముప్పై ఆరే! తగ్గినవి ప్రయాణాలు మాత్రమే. అయినా లాభమంతా అక్కడే ఉంది.

సరే, వరసలో ఉన్నవాటిని వెతకడం బాగానే ఉంది. కొత్త ఖాతా వస్తే ఎక్కడ పెడతాం? కింది మెట్టులో దాని పేజీ వెతికి అందులో చేరుస్తాం. పేజీ నిండిపోయి ఉంటే దాన్ని రెండుగా చీల్చి, మధ్య నంబరును పై పేజీకి పంపుతాం. పై పేజీ కూడా నిండితే అదీ చీలుతుంది. చీలుతూ చీలుతూ అన్నిటికంటే పైనున్న పేజీ కూడా చీలితే దాని నెత్తిన కొత్త పేజీ ఒకటి పుడుతుంది. ఈ చెట్టును తలకిందులుగా గీస్తారు, అన్నిటికంటే పై పేజీ వేరు, కింది మెట్టు పేజీలు ఆకులు. అంటే ఈ చెట్టు ఆకుల వైపు పెరగదు, వేరు వైపు పెరుగుతుంది. అందుకే ఏ ఆకైనా వేరుకు ఒకే దూరంలో ఉంటుంది. 1962లో ఇద్దరు సోవియట్ గణితజ్ఞులు, అడెల్సన్-వెల్స్కీ, లాండిస్, తయారుచేసిన చెట్టు ఒక పక్కకి ఒరిగితే దాన్ని తిప్పి నిలబెట్టాలి. దీనికి ఒరగడమే తెలియదు.

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇదంతా పది మార్కుల ప్రశ్న. “ఆర్డర్ 5 బి-ట్రీలో కింది సంఖ్యలను చేర్చుము.” పిల్లలు డబ్బాలు గీసి, బాణాలు వేసి, మార్కులు తెచ్చుకుంటారు. పేజీకి నాలుగు నంబర్లు పెట్టుకునే చెట్టును డిస్కు మీద ఎవరూ వాడరని, అసలు ఇందులో డిస్కు అనేది ఒకటుందని చెప్పేవాళ్లు తక్కువ. ఎందుకు పుట్టిందో చెప్పకుండా ఎలా గీయాలో చెబితే ఎవరికి గుర్తుంటుంది?

చీలికల వల్ల పేజీలు ఎప్పుడూ నిండుగా ఉండవు. నంబర్లు ఏ వరసా లేకుండా వచ్చి పడుతుంటే పేజీలు సగటున 69 శాతం నిండుతాయని 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రూ యావ్ లెక్కకట్టారు. ఆ 0.69 మరేదో కాదు, రెండు యొక్క సహజ లాగరిథమ్! నంబర్లు 1, 2, 3 అని వరసగా వస్తే మాత్రం చిక్కే. చేరికలన్నీ కుడిచివర పేజీలోనే పడతాయి. చీలినప్పుడల్లా ఎడమ సగం ఎప్పటికీ సగం ఖాళీగా ఉండిపోతుంది. అందుకని అసలు సాఫ్ట్‌వేర్లు అక్కడ సగానికి చీల్చవు, ఎడమ పేజీని దాదాపు నిండుగా వదిలేసి కొత్త పేజీకి వెళ్తాయి.

ఒక పేజీ చీలుతుండగా అదే క్షణంలో మరొకరు ఆ పేజీకి దిగితే? పై పేజీలో చిరునామా చూసుకుని కిందికి వచ్చేలోపు తనకు కావలసిన నంబరు కొత్త పేజీకి వెళ్లిపోయి ఉండవచ్చు. మరొకరు రాకుండా దారి పొడుగునా పేజీలకు తాళాలు వేస్తే అందరూ ఆగిపోతారు. 1981లో లేమన్, యావ్ (ఈ యావ్ వేరే ఆయన) చెప్పిన మార్గం చాలా సులువు. ప్రతి పేజీకి తన కుడి పొరుగు పేజీ చిరునామా, తనలో ఉండదగ్గ అతిపెద్ద నంబరు రాసి పెట్టాలి. వచ్చినవాడు వెతికే నంబరు దానికంటే పెద్దదైతే చీలిక జరిగిందని అర్థం, కుడికి ఒక అడుగు వేస్తే సరి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఈనాటికీ ఈ పద్ధతి మీదే నడుస్తోంది.

ఈ చెట్టుకి రానిది ఒకటుంది. నిఘంటువు తీసుకోండి. “చ”తో మొదలయ్యే మాటలు టక్కున దొరుకుతాయి. కానీ పద్యం రాస్తున్నవారికి ప్రాస కుదరాలి, రెండో అక్షరం “ల్ల” ఉన్న మాట కావాలి. ఇప్పుడు అదే నిఘంటువు ఎందుకూ పనికిరాదు, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాల్సిందే. రెండో అక్షరం వరసలో ఇంకో నిఘంటువు ఉంటే క్షణం పని, కాకపోతే కొత్త మాట వచ్చినప్పుడల్లా రెండు చోట్లా ఎక్కించాలి. డేటాబేసుల్లోనూ అంతే, ఎన్ని వరసల్లో వెతకాలంటే అన్ని చెట్లు కట్టాలి. ఇంటిపేరు ముందుండే మన జాబితాల్లో లక్ష్మిలందరినీ ఏరాలంటే ఇదే తంటా. ఇక న్యూమరాలజీ మాట విని ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం అదనంగా తగిలించుకున్నవారి అదృష్టం సంగతేమో గానీ, వారి పేరు మాత్రం ఇంకో ఆకు మీదికి పోతుంది. పాన్ కార్డులో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉంటే కంప్యూటరు దృష్టిలో ఇద్దరు మనుషులు.

తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ డిస్కులు వచ్చాక కూడా ఇదంతా అవసరమా అని అడగొచ్చు. మెమరీతో పోలిస్తే అవీ సుమారు వెయ్యి రెట్లు నిదానమే, అవీ పేజీలుగానే చదువుతాయి. కాకపోతే రాయడం దగ్గర బి-ట్రీ దుబారా చేస్తుంది. వంద బైట్లు మారినా 16 కిలోబైట్ల పేజీ మొత్తం తిరగరాయాలి. దీనికి విరుగుడుగా 1996లో ఓనీల్ బృందం ఎల్‌ఎస్‌ఎమ్ చెట్టును ప్రతిపాదించింది. అందులో మార్పుల్ని మెమరీలో పోగేసి, వరస పెట్టి, గుత్తగా డిస్కు మీదికి దించి, తీరిగ్గా కలుపుతారు. రాక్స్‌డీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఆ కోవలోదే. రాయడం చవకైంది గానీ, చదవడానికి నాలుగైదు చోట్ల చూడాల్సి వచ్చింది.

పేజీలూ వద్దు, మెట్లూ వద్దు అన్నవారూ ఉన్నారు. నంబరు ఇస్తే అది ఎక్కడుందో ఊహించి చెప్పేలా మెషీన్ లెర్నింగ్ మోడల్‌కి నేర్పవచ్చని 2018లో టిమ్ క్రాస్కా, ఆయన సహచరులు చూపించారు. మారని డేటా మీద, అంతా మెమరీలో ఉన్నప్పుడు, అది బి-ట్రీ కంటే వేగంగా పనిచేసింది, చోటూ తక్కువ తీసుకుంది. చిక్కు కొత్త నంబర్లు చేర్చే దగ్గర వచ్చింది. దాన్ని పరిష్కరించడానికి 2020లో వచ్చిన అలెక్స్ అనే నమూనాలో ముందే ఖాళీలు వదిలిపెడతారు. అవీ నిండాయంటే ఆ భాగాన్ని పెద్దది చేస్తారు, లేకపోతే చీలుస్తారు.